దిగనక్కరలేని దారి

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ, బద్ధకం వల్ల కొంత, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కొంత, వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. మొన్న ఫాల్గుణ మాసంలో ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి హనుమకొండ నుంచి పాలంపేట రామప్ప గుడి దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాను. ఆ తర్వాత ఇక రాయకుండా ఉండలేకపోయాను. దూరం సుమారు డెబ్బై కిలోమీటర్లు. ఈ వయసులో అది గొప్ప విషయమేనని ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు గానీ, నాకు నేను ఒప్పుకున్నాను. తిరుగు ప్రయాణంలో సైకిలును ఒక ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాననే సంగతి మాత్రం మీ దగ్గర దాచను.

ఈ ప్రయాణానికి కారకుడు మా మేనల్లుడు. ఉద్యోగరీత్యా ఫ్రాన్సులో ఉంటున్నాడు. బర్గండీ ప్రాంతపు పల్లెదారుల్లో సైకిలు మీద తిరుగుతూ తీసుకున్న ఫొటోలు పంపాడు. ద్రాక్షతోటల నడుమ సన్నని తారు దారి, దూరంగా ఒక చర్చి గోపురం, మనిషి జాడ లేదు. కింద ఒక వాక్యం: "మామయ్యా, గంటసేపు తొక్కినా ఒక్క కారు ఎదురు రాలేదు. మన వరంగల్లులో ఇట్లాంటి దారులు ఎక్కడున్నయి?"

ఉన్నాయిరా అని వెంటనే జవాబు రాయబోయి ఆగిపోయాను. దారులున్నాయి, నిజమే. అయితే ఒక దారి నిశ్శబ్దంగా ఉందంటే దానికి ఏదో కారణం ఉండి తీరుతుంది. ఎవరు వేశారు, ఎవరు నడిచారు, ఎవరిని నడవనివ్వలేదు అన్న లెక్క ఆ నిశ్శబ్దం వెనుక ఉంటుంది. ఆ లెక్క చూడకుండా జవాబు చెబితే అది సగం జవాబే అవుతుంది. మిగతా సగం కోసమే ఈ టపా.

*

ముందు ఫ్రాన్సు సంగతి చూద్దాం. ఆ దేశపు రాజమార్గాలు పద్ధెనిమిదో శతాబ్దంలోనే ఐరోపా అంతటా పేరు మోశాయి. గీత గీసినట్టు నేరుగా సాగే వెడల్పాటి దారులు, ఇరుపక్కలా వరుసగా చెట్లు. వాటిని వేసిందెవరు? 1738లో రాజుగారి ఆర్థికమంత్రి ఓర్రీ జారీ చేసిన ఆదేశంతో 'కొర్వే' అనే పద్ధతి ఆ దేశంలో చాలా భాగానికి విస్తరించింది. రహదారికి దగ్గరలో ఉన్న పల్లెల రైతులు ఏడాదిలో కొన్ని రోజులు తమ పశువులతో, బండ్లతో, పలుగూ పారలతో వచ్చి కూలి లేకుండా రోడ్డు పని చేయాలి. ప్రభువర్గానికీ మతాధికారులకూ మినహాయింపు. మనం వెట్టి అంటామే, అదే. 1776లో తుర్గో అనే మంత్రి దాన్ని రద్దు చేశాడు. కొద్ది నెలల్లోనే ఆయన పదవి పోయింది, వెట్టి తిరిగి వచ్చింది. ఫ్రెంచి విప్లవం ముంగిట, 1787లో గానీ దాని స్థానంలో డబ్బు రూపంలో పన్ను కుదురుకోలేదు.

విచిత్రమేమిటంటే సరిగ్గా ఆ 1787లోనే ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ రచయిత ఫ్రాన్సు పర్యటనకు బయలుదేరాడు. 1792లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథం ఆనాటి ఫ్రెంచి పల్లెల గురించి చదివేవారందరికీ నేటికీ ఆకరమే. అక్కడి రోడ్లను చూసి ఆయన ముగ్ధుడయ్యాడు. వాటి మీద మనుషులు లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. సాక్షాత్తు రాజధాని పారిస్ చేరువలోని దారి కూడా లండను చుట్టుపక్కల దారులతో పోలిస్తే ఆయనకు ఎడారిలా తోచింది. మా మేనల్లుడు ఏ నిశ్శబ్దాన్ని చూసి పరవశించాడో, దాదాపు అలాంటి నిశ్శబ్దమే యంగ్‌కు రోగలక్షణంగా కనిపించింది. సరుకు కదలడం లేదు, మనుషులు కదలడం లేదు. అంటే పల్లె చేతిలో డబ్బు ఆడడం లేదని ఆయన నిదానించాడు. ఎవరి చెమటతో ఆ దారి పడిందో వారికి దాని మీద ప్రయాణించే అవసరం గానీ తాహతు గానీ లేదు.

మరి ఆ దారి ఆనందానికి చోటు ఎప్పుడైంది? నా మటుకు నాకు అందుకు కారణం సైకిలే అనిపిస్తుంది. 1885లో స్టార్లీ తయారు చేసిన రోవర్‌తో రెండు సమాన చక్రాల సైకిలుకు నేటి ఆకారం వచ్చింది. 1888లో డన్‌లప్ గాలి టైరు, 1891లో మిషెలిన్ సోదరుల విప్పి బిగించుకునే టైరు వచ్చాయి. సాంత్ ఎతియెన్ నగరంలో పాల్ ద వివీ అనే పట్టు వ్యాపారి 1887లో సైకిలు కోసమే ఒక పత్రిక పెట్టాడు. 'వెలోసియో' అన్నది ఆయన కలం పేరు. సైకిలంటే పందెం కాదు, దేశం చూడడం అన్నది ఆయన వాదం. కొండలెక్కడానికి గేర్లు ఉండాలని ఊరికే వాదించి ఊరుకోలేదు. వాటిని బిగించుకుని తానే వందల కిలోమీటర్లు తిరిగి చూపించాడు. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్సు పందెం లోకప్రసిద్ధం. దానికి సమాంతరంగా, చప్పుడు లేకుండా ఈ సంచార సంప్రదాయం కూడా సాగుతూ వచ్చింది.

తర్వాత 1936 వచ్చింది. ఆ ఏడాది పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులకు వారానికి 40 గంటల పనినీ, ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవునూ చట్టం చేసింది. జీవితంలో మొదటిసారి సెలవు చేతికొచ్చిన వేలాది కార్మిక దంపతులు సైకిళ్ళ మీదా, ఇద్దరు కలిసి తొక్కే జంట సైకిళ్ళ మీదా పల్లెలకూ సముద్రతీరాలకూ బయలుదేరారు. ఆనాటి ఫొటోలు చూసే ఉంటారు. వెట్టివాడు వేసిన దారి మీద కూలివాడు షికారు చేయడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది.

ఆ పైన కార్లు వచ్చాయి. దూరప్రయాణాల రద్దీని పెద్ద మోటారు రహదారులు లాగేసుకున్నాయి. పల్లెల్లో జనం పలచబడ్డారు. జిల్లా స్థాయి దారులు మాత్రం దాదాపు 3,80,000 కిలోమీటర్ల మేర అలాగే మిగిలాయి. 1997లో బర్గండీలోనే జీవ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలుమార్గాన్ని మోటారు వాహనాలు రాకుండా నడిచేవారికీ సైకిళ్ళకూ ఇచ్చారు. 'పచ్చదారి' అని పేరు పెట్టారు. ఆ దేశంలో ఆ పేరుతో వచ్చిన మొదటి దారి అదే. పడవలను గుర్రాలు లాగిన కాలువగట్లు కూడా చాలాచోట్ల ఇప్పుడు సైకిలు బాటలయ్యాయి. అంటే మావాడు చూసిన నిశ్శబ్దం ఒక్క రోజులో పుట్టింది కాదు. వెట్టి ఒక పొర, వలస ఒక పొర, మంచి ప్రభుత్వ నిర్ణయాలు ఒక పొర.

*

ఇక మన సంగతి. ఓరుగల్లు సీమలో దారి అంటే మొదట గుర్తుకు రావలసింది చెరువుకట్ట. కాకతీయులు గుడి, చెరువు, ఊరు మూడింటినీ కలిపి కట్టారని పెద్దలు చెబుతారు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయం కట్టించాడు. మనం రామప్ప గుడి అనేది దాన్నే. గుడికి కూతవేటు దూరంలో చెరువు. నర్సంపేట దగ్గరి పాకాల చెరువు కూడా గణపతిదేవుని కాలానిదే. లక్నవరం, ఘనపురం సరేసరి. ఇవి పెద్దవి; ఇక ఊరూరా ఉన్న చిన్న చెరువులకు లెక్క లేదు.

చెరువుకట్టను మనం నీటి కోణం నుంచే చూస్తాం. తూము, మత్తడి, ఆయకట్టు అంటూ మాట్లాడుకుంటాం. కానీ కట్ట ఒక దారి కూడా. వానాకాలంలో చుట్టూ నేలంతా బురదైనప్పుడు ఊరికి గట్టి బాట అదే. పొలానికి పోయే రైతూ, తాటివనానికి పోయే గౌడూ, నీరు వదలడానికి పోయే నీరటీ, బతుకమ్మలతో వెళ్ళే ఆడవాళ్ళూ అందరూ దాని మీదుగానే నడిచారు. ఎత్తు మీద ఉంటుంది, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పొలాలు, గాలి ఎప్పుడూ ఆడుతుంటుంది. ఫ్రాన్సువాళ్ళకు కాలువగట్టు ఎలాంటిదో మనకు చెరువుకట్ట అలాంటిది. తేడా అల్లా, మనది అయిదారు వందల ఏళ్ళు పెద్దది.

అయితే కాకతీయుల కాలపు ఓరుగల్లు నిశ్శబ్దంగా ఉండేదని అనుకోకండి. వినుకొండ వల్లభరాయుని పేరున ప్రసిద్ధమైన 'క్రీడాభిరామము' చదివినవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీథుల్లో ఒక రోజంతా తిరుగుతూ కనిపించిన ప్రతిదాన్నీ చూసి, వ్యాఖ్యానించి, నవ్వుకుని ముందుకు సాగడమే అందులో కథ. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని 2002లో ఇంగ్లీషులోకి తెచ్చారు. తీరిగ్గా తిరగడం కోసమే తిరగడమన్నది పాశ్చాత్యుల నుంచి మనం అరువు తెచ్చుకున్న సరదా అనుకునేవాళ్ళకు నేను ఎప్పుడూ ఆ పుస్తకం పేరే చెబుతుంటాను. ఆ వీథుల నిండా జనం, బేరం, ఆట, పాట. ఆ దారుల అందం సందడిలో ఉంది.

నిశ్శబ్దం తర్వాత వచ్చింది. 1323లో ఉలుగ్‌ఖాన్ సేనలకు కోట చిక్కింది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, నగరం పేరు కూడా కొంతకాలం సుల్తాన్‌పూర్‌గా మారింది. రాజధానికి వచ్చే బండ్లు తగ్గాయి. పాలంపేట లాంటి చోట్లు అడవి అంచున ఒంటరివయ్యాయి. గుడిలో దీపం సన్నగిల్లినా చెరువు కింద పొలం పారుతూనే ఉంది కనుక కట్ట మాత్రం నిలబడింది. దాన్ని నిలబెట్టింది ఏ రాజూ కాదు. ఏటేటా మట్టి పోసి, గండి పూడ్చి, పూడిక తీసిన ఊరి జనం నిలబెట్టారు. ఆ పనిలో కూడా ఎంత ఇష్టపూర్వకమో, ఎంత బలవంతమో వేరు చేసి చూపడం నా వల్ల కాదు.

*

నిజాం కాలానికి వద్దాం. రైలు 1886లో వరంగల్లు చేరింది, 1889లో బెజవాడ దాకా పోయింది. రోడ్డు మీద మోటారు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1932లో నిజాం రైల్వేవారు రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టినప్పుడు మొత్తం 27 బస్సులు. రాజ్యమంతటికీ అంతే! కాబట్టి ఆనాటి ములుగు దారిలో గంటసేపు నడిచినా మోటారు ఎదురు కాకపోవడం వింతేమీ కాదు. ఎడ్లబండి, మేనా, గుర్రం, కాలినడక, అంతే. రెండేళ్ళకోసారి మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు పోయే బండ్ల బారు వచ్చినప్పుడు తప్ప ఆ అడవి దారిలో రద్దీ అన్న మాట లేదు.

కానీ ఆ నిశ్శబ్దంలో నడిచేదెవరు? తహసీలుదారు దౌరాకు వస్తే ఆయన సామాను ఈ ఊరి నుంచి ఆ ఊరికి మోసేది బేగారి. బండి కట్టేది రైతు, కిరాయి ఉండదు. నీళ్ళు తోడేది, కట్టెలు కొట్టేది, కోడిని పట్టుకొచ్చేది, కాగితం పట్టుకుని పది కోసులు పరుగెత్తేది అందరూ వెట్టివాళ్ళే. దారి పక్కన ఊరు ఉండడం ఒక రకంగా శాపమే. ఫ్రాన్సులో కొర్వే కూడా రహదారికి దగ్గరి పల్లెల మీదే ఎక్కువ పడిందని పైన రాశాను కదా, అలాగే. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం చేతికెత్తుకున్న ముఖ్య సమస్యల్లో వెట్టిచాకిరి ఒకటి. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడి నుంచి 1946 నాటి సాయుధ పోరాటం దాకా ఈ మాట వినపడని సభ లేదంటే అతిశయోక్తి కాదు.

వెట్టి మనిషి చేతులకు సంబంధించినదైతే, దారి మీద ఇంకో కట్టడి కాళ్ళకు సంబంధించినది. దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతబట్టుకోవాలి. తలపాగా తీయాలి. సైకిళ్ళు వచ్చాక ఆ జాబితాలో ఇంకోటి చేరింది: సైకిలు దిగి, గడి దాటేదాకా నడిపించుకుపోవాలి. తెలంగాణ పల్లెల్లో పాతతరం వారిని ఎవరిని కదిపినా ఈ మాట చెబుతారు.

*

మా తాతది ములుగుకు ఇవతల, పెద్దరోడ్డు వదిలి లోపలికి పోవలసిన ఒక ఊరు. పేరు ఇక్కడ అనవసరం. వరంగల్లులో 1934లో ఆజంజాహి మిల్లు వెలిశాక ఊళ్ళ నుంచి పనికి వచ్చిన వేలమందిలో ఆయనొకడు. నూలు వడికే ఖాతాలో పని. ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో ఎవరో అమ్మితే ఒక పాత ర్యాలీ సైకిలు కొన్నాడు. మునిసిపాలిటీ బిళ్ళ, ముందు నూనె దీపం, వెనక ఇనుప క్యారేజీ. నెలకోసారి దాని మీద ముప్పై మైళ్ళు తొక్కుకుంటూ ఊరికి పోయేవాడు.

ఆలోచిస్తే నాకు ఇది ఎప్పుడూ చిత్రంగా తోస్తుంది. ఫ్రాన్సులో మిల్లు కార్మికుడు మొదటి సెలవుకు సైకిలెక్కి పల్లెకు పోయిన ఆ దశాబ్దంలోనే వరంగల్లు మిల్లు కూడా వెలిసింది. ఇక్కడి కార్మికుడు కూడా అచ్చంగా అలాగే సైకిలెక్కి పల్లెకు పోయాడు. అదే యంత్రం, అలాంటిదే దారి, అంతే నిశ్శబ్దం. ముప్పై మైళ్ళలో చివరి రెండు వందల గజాలు మాత్రం వేరు. మిల్లు గేటు దగ్గర సంఘం సభలో నిలబడి మాట్లాడిన మనిషి, సొంత జీతంతో కొన్న సైకిలును గడి ముందు చేత్తో నడిపించుకుంటూ పోవాలి.

పోరాటం వచ్చింది. 1948లో పోలీసు చర్య జరిగింది. జాగీర్లు పోయాయి, చట్టాలు వచ్చాయి. కొన్ని ఊళ్ళలో ఈ కట్టడి ఆనాడే తెగిపోయింది. కొన్ని ఊళ్ళలో దొరలతో పాటే తిరిగొచ్చింది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన రోజుల్లో కూడా పక్కనున్న కరీంనగరం పల్లెల్లో రైతుకూలీలు వెట్టి గురించే మాట్లాడవలసి వచ్చిందంటే అది ఎంత మొండిదో తెలుస్తుంది.

మా ఊళ్ళో దొర కుటుంబం అప్పటికే హైదరాబాదుకు మారిపోయింది. గడి తలుపుకు తాళం. నాకు ఎనిమిదేళ్ళు. ఎండాకాలం సెలవులకు తాత నన్ను క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకుపోతున్నాడు. ఊరి మొదట్లో, గడి గోడ మొదలైన చోట, సైకిలు ఆగింది. తాత దిగాడు. నన్ను దింపలేదు. సైకిలును పట్టుకుని నడుస్తున్నాడు. చెయిను పడిందేమో అనుకున్నాను. గోడ అయిపోయాక మళ్ళీ ఎక్కాడు.

"తాతా, ఎందుకు దిగినవ్? లోపల ఎవ్వరు లేరు గదా?" అని అడిగాను.

కొంతసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "నేను దిగలే బిడ్డా. కాళ్ళు దిగినయ్" అన్నాడు.

ఆనాడు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తాత పోయి చాలా ఏళ్ళయింది. ఆ సైకిలు ఏమైందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. మిల్లు కూడా మూతపడింది.

*

ఇప్పుడు ఫాల్గుణ మాసపు ఆదివారానికి వస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకు వేయిస్తంభాల గుడి ముందు నుంచి బయలుదేరాను. 1163 నాటి శాసనమున్న గుడి. ఆ వేళలో దాని ముందు కుక్కలు తప్ప ఎవరూ లేరు. మొదటి గంట పెద్ద సుఖంగా ఏమీ లేదు. హైదరాబాదు నుంచి వరంగల్లు, ములుగుల మీదుగా భూపాలపట్నం పోయే 163వ నంబరు జాతీయ రహదారి అది. ఇసుక లారీ పక్క నుంచి పోయినప్పుడు హ్యాండిలు దానంతట అదే వణుకుతుంది. ఆత్మకూరు దాటి, తెల్లవారే వేళకు పెద్దరోడ్డు వదిలి మా ఊరి దారి పట్టాను.

మలుపు తిరిగిన రెండు నిమిషాలకే లారీల మోత సద్దుమణిగింది. ఒక్కొక్కటిగా వినిపించడం మొదలైంది: ముందు నా చెయిను, తర్వాత టైరు కింద కంకర, తర్వాత జీనువారి పిట్టలు. పొలాల గట్ల మీద మోదుగులు పూసి ఉన్నాయి. ఆకు ఒక్కటి లేదు, చెట్టంతా ఎరుపే. చెరువుకట్ట ఎక్కాను. నీళ్ళ మీద పలుచని పొగమంచు. తూము దగ్గర ఒక ముసలాయన పళ్ళు తోముకుంటూ, "ఎటు పోతున్నవ్ సారూ, బండి ఖరాబైందా?" అని అడిగాడు. సైకిలు తొక్కుతున్నానంటే మోటారుసైకిలు పాడయిందని అర్థం కాబోలు. లేదు, సరదాకు అన్నాను. ఆయన నమ్మలేదు.

అరగంట పైగా తొక్కాను. ఒక్క కారు ఎదురు రాలేదు. మేనల్లుడు చెప్పిన గంట కాకపోయినా మన లెక్కకు అది తక్కువేమీ కాదు.

ఊరు వచ్చింది. గడి గోడ మొదలైంది. గోడ అనడానికి కూడా లేదు. సగం కూలిపోయి మర్రిమొక్కలు మొలిచాయి. లోపల ఎవరో వరిగడ్డి వాము వేసుకున్నారు. నేను దిగకూడదని ముందే అనుకున్నాను. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే అనుకున్నాను. అయినా అక్కడికి రాగానే పెడలు మీద కాలు ఒక్క క్షణం ఆగింది. దిగలేదు గానీ ఆగింది. కాళ్ళు దిగినయ్ అన్న మాటకు అర్థం యాభై ఏళ్ళ తర్వాత తెలిసింది.

అంతలో వెనక నుంచి బెల్లు మోగింది. పద్నాలుగు పదిహేనేళ్ళ అమ్మాయి, క్యారేజీకి పాల క్యాను కట్టుకుని, "జరుగు అంకుల్" అంటూ నన్ను దాటుకుని పోయింది. గడి వైపు తల కూడా తిప్పలేదు. తిప్పవలసినదేదో అక్కడ ఒకప్పుడు ఉండేదని ఆ పిల్లకు తెలియదు. తెలియకపోవడం మంచిదా, తెలియాలా అని చాలాసేపు ఆలోచిస్తూ తొక్కాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

ములుగు మీదుగా వెంకటాపురం దారి పట్టి, ఎండ ముదిరేలోపు పాలంపేట చేరాను. నా చిన్నప్పుడు ఇదంతా వరంగల్లు జిల్లాయే. 2019 నుంచి ములుగు వేరు జిల్లా. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారాల్లో గుడి ముందు కార్లు నిలపడానికి చోటు దొరకడం లేదు. అది నాకు బాధ కలిగించలేదు. క్రీడాభిరామం చదివినవాడికి జనసందడి బాధ కలిగించకూడదు. మదనికల ముందు పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. నేను చెరువుకట్ట మీదికి వెళ్ళి కూర్చుని, తెచ్చుకున్న సద్ది విప్పాను.

*

అక్కడ కూర్చుని ఆలోచించిన మాటలు చెప్పి ముగిస్తాను.

2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు బాగుచేయవలసిన చెరువుల లెక్క 46,531 అని ప్రభుత్వం చెప్పింది. ఆ పనిలో మంచిచెడ్డల చర్చ వేరు. నాకు కనిపించేది ఇంకోటి: అన్ని చెరువులంటే అన్ని కట్టలు, అన్ని కట్టలంటే అన్ని బాటలు. పట్టణాల దగ్గర కొన్నిటిని మినీ ట్యాంకుబండులని పేరు పెట్టి రైలింగులతో, దీపాలతో తీర్చిదిద్దారు. సాయంత్రం జనం వచ్చి కూర్చుంటున్నారు, సంతోషమే. 2023లో హైదరాబాదు బయటి వలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి, దాని మీద సౌరఫలకాల కప్పు కూడా వేశారు. అదీ మంచిదే. కానీ సైకిలు కోసం కొత్తగా నేల వెతకనవసరం లేని చోటు ఓరుగల్లు సీమ. ఫ్రాన్సువాళ్ళు పాత రైలు కట్టను వాడుకున్నారు. మనం పాత చెరువుకట్టను వాడుకుంటే చాలు. తారు పోయకపోయినా పరవాలేదు. కట్టకు రెండు కొసల్లో కారు పట్టకుండా, ఎడ్లబండి పట్టేలా రెండు రాళ్ళు పాతితే అదే పచ్చదారి.

ఆ రాళ్ళు పాతేటప్పుడు ఒక్క సంగతి మరువకూడదు. దారిని కార్లకు మూసేయడం తేలిక. మనుషులకు తెరిచి ఉంచడమే కష్టం. పాత నిశ్శబ్దం తిరిగి రావాలని నేను ఎన్నడూ కోరను. అది బేగారి భుజాన బరువున్న నిశ్శబ్దం, చెప్పులు చేతబట్టుకున్న నిశ్శబ్దం. ఆర్థర్ యంగ్ చూసి ఆశ్చర్యపోయింది కూడా అలాంటి నిశ్శబ్దాన్నే. నాకు కావలసింది వేరు. ఎవరూ భయపడి తగ్గనిది, ఎవరూ దిగనక్కరలేనిది, వెనక నుంచి ఒక పాలపిల్ల బెల్లు కొట్టి జరగమంటే చెదిరిపోయేంత తేలికైనది.

మేనల్లుడికి ఆ రాత్రి జవాబు రాశాను. "ఉన్నయిరా. ఈసారి వచ్చినప్పుడు తీసుకుపోత. దారిలో ఒక గోడ వస్తది, అక్కడ దిగకు. ఎందుకో తర్వాత చెప్త."

మీ ఊరి చెరువుకట్ట మీద, మీ పెద్దవాళ్ళ సైకిలు మీద ఇలాంటి జ్ఞాపకాలుంటే తప్పక రాయండి. దిగిన చోట్ల గురించి కూడా రాయండి.